మామిడి ముక్కలు కడగవద్దు

రేవతీ,

వంటింట్లో చాప మీద మామిడికాయ ముక్కలు ఆరబోశాను. కడగవద్దు. రైతు బజారులోనే కాయలు కడిగి, తుడిచి, కొట్టించాను. జీడి తీసి, పొడి గుడ్డతో తుడిస్తే చాలు. పోయినేడు నువ్వు కొట్టిన ముక్కలను కొళాయి కింద పెట్టావు. జాడీ నిండా బూజు పట్టింది. నేను మరిచిపోలేదు.

ఐరాల నుంచి కాయలు తెచ్చే నిర్మలమ్మ నన్ను గుర్తుపట్టింది. "ఏమప్పా, మీ ఆడమనిషి బతికుండగా కొసరు లేకుండా కదిలేది కాదు. నువ్వేంది, రాయి మాదిరి నిలబడుకోనుండావు?" అని రెండు కాయలు ఎక్కువ వేసింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు. ఎన్నాళ్లయిందో అలా నవ్వి.

"మరి ఊరగాయ ఎవరు పెడతారు?" అంది.

"మా కోడలుండాది కదా. దాని చేతి ఊరగాయ నీకూ తెస్తాను, సూడు" అనేసినాను.

అంతమందిలో అన్న మాట. నిలబెట్టడం నీ పని.

నూనె కోసం గానుగకు పోతున్నాను.

— మామ

ఇంకొకటి. ఉప్పు, కారం మీ అత్త కొలతల ప్రకారం వెయ్యవద్దు. నీ నోటికి బాగున్నట్టు కలుపు. వంకలు పెట్టను.