పేరు పలకని పాస్‌వర్డ్

కళింగపట్నం, 6-3-2016

చిరంజీవి ఝాన్సీకి, మేనత్త దాలమ్మ ఆశీస్సులతో రాయునది.

నువ్వు విశాఖ నుంచి పంపిన కంప్యూటర్‌ను ఎండుచేపల వాసన తగలని గదిలో పెట్టాను. వీధిలో అరవై ఇళ్ల ఆధార్ కార్డులూ మత్స్యకార కార్డులూ మా కోడలు హేమ అందులోకి ఎక్కించింది. సముద్రంలో చేపల వేట నిషేధం మొదలయ్యేలోపు అవి ఆఫీసుకు చేరకపోతే ఎవరికీ భృతి రాదు. అవి దొంగల చేతిలో పడితే సంఘం ప్రెసిడెంటుగా నేను వీధిలో తలెత్తుకోలేను.

నువ్వు చెప్పిన జాగ్రత్తలన్నీ గోడకు అంటించాను. అర్జెంటు అంటే నమ్మకూడదు. తెలిసిన పేరైనా నమ్మకూడదు. పాస్‌వర్డ్‌గా మీ మావయ్య పేరు పెట్టాను. పెళ్లయి ముప్పై రెండేళ్లయినా ఆ పేరు నా నోట రాలేదు. ఇంతకంటే గట్టి పాస్‌వర్డ్ మీ ఆఫీసులో ఎవరికైనా ఉందేమో కనుక్కో.

నీ అత్త,
దాలమ్మ

తా.క.: నిన్న ఎవరో పిల్ల ఫోన్ చేసి, "అత్తా, నేను ఝాన్సీని, అర్జెంటు" అంది. కట్ చేశాను. నీ పేరు కూడా వాడేస్తున్నారు, జాగ్రత్త.

విశాఖపట్నం, 12-3-2016

అత్తకు నమస్కారాలు.

ఆ పిల్లను నేనే. నాలుగుసార్లు చేస్తే నాలుగుసార్లూ కట్ చేశావు. అందుకే ఈ ఉత్తరం.

ఆ పాస్‌వర్డ్ వెంటనే మార్చు. నువ్వు పలకకపోతే ఏం, మావయ్య పేరు మీ పడవ మీద అడుగెత్తు అక్షరాలతో రాసి ఉంది. ఆన్‌లైన్ మోసాల గురించి ఆఫీసులో అందరికీ పాఠాలు చెప్పేది నేను. మా అత్తే ఇలా చేసిందని తెలిస్తే నా పరువేం కావాలి?

నీ మేనకోడలు,
ఝాన్సీ

తా.క.: కొత్త పాస్‌వర్డ్ ఏమిటో నాకు రాయొద్దు.

కళింగపట్నం, 20-3-2016

చిరంజీవి ఝాన్సీకి (నువ్వు ఝాన్సీవే అయితే), దాలమ్మ ఆశీస్సులు.

చేతిరాత నీదేనని మీ నాన్న చెప్పాకే నీ ఉత్తరం చదివాను. అది రాకముందే, మంగళవారం నాడు, ఒకడు ఫోన్ చేశాడు. కంప్యూటర్ కంపెనీ వాడట. మన దాంట్లో వైరస్ పడిందట, పాస్‌వర్డ్ చెప్పకపోతే సాయంత్రానికి అన్నీ పోతాయట. అరవై ఇళ్లూ కళ్లముందు తిరిగాయి.

"అది మా ఆయన పేరు బాబూ" అన్నాను.

"అయితే చెప్పండి మేడమ్."

"మొగుడి పేరు నేనెలా సెప్తాను? నీకు పెళ్లవలేదేటి?"

మొదటి అక్షరమైనా చెప్పమన్నాడు. అదీ తప్పేనన్నాను. ఇంట్లో ఎవరినైనా పిలవమన్నాడు. అందరూ రేవులో ఉన్నారు, సాయంత్రం దాకా లైన్లో ఉండమన్నాను. గంటసేపు బతిమాలి, చివరికి వాడే దండం పెట్టి ఫోన్ కట్ చేశాడు.

నీ ఉత్తరం చదివాకే నాకు తట్టింది. మా ఆయన పేరేనని వాడికి నేనే చెప్పేశాను కదా. హేమ రేవు నుంచి రాగానే మార్పించాను.

నిన్న నీ మెయిల్ వచ్చింది. కార్డులన్నీ అర్జెంటుగా నీకు పంపితే భద్రంగా దాస్తానన్నావు. పంపలేదు. "సొంత మేనకోడలు అడిగితే ఇవ్వరేటి అత్తా?" అని హేమ అలిగింది. నీకూ కోపం వస్తే రానీ.

నీ అత్త,
దాలమ్మ

తా.క.: హేమ పాస్‌వర్డ్ మార్చేదాకా పడవ మీద పేరుకు గోనెపట్టా కప్పించాను. మీ మావయ్య ఇంకా నాతో మాట్లాడటం లేదు.

విశాఖపట్నం, 24-3-2016

అత్తకు వేల నమస్కారాలు.

ఆ మెయిల్ నేను పంపలేదు.

పోయిన శుక్రవారం మా ఆఫీసు పేరుతో నాకొక మెయిల్ వచ్చింది. అర్జెంటని ఉంది. పాఠానికి టైమైపోతోందని చూసుకోకుండా నొక్కి, నా పాస్‌వర్డ్ కొట్టేశాను. దొంగలు నా మెయిల్‌లో దూరి, నా పేరుతో చుట్టాలందరికీ, ఆఫీసువాళ్లకీ రాశారు. నాన్న తన ఆధార్ పంపేశారు. మా మేనేజరు కూడా అడిగినవన్నీ పంపేశారు. ఇవ్వనన్నది నువ్వొక్కదానివే. నువ్వూ పంపి ఉంటే ఆ అరవై ఇళ్లకూ నా ముఖం ఎలా చూపించేదాన్ని?

నీకు నేర్పింది నేనని ఆఫీసులో గొప్పలు చెప్పుకునేదాన్ని. నిన్న అందరి ముందూ నిలబడి, నేను దాలమ్మ మేనకోడలినని చెప్పాను. అత్తా, నువ్వంటే నాకెంత గర్వమో రాయడం చేతకావడం లేదు.

వచ్చే నెల మా ఆఫీసులో పాఠం నువ్వే చెప్పాలి.

నీ మేనకోడలు,
ఝాన్సీ

తా.క.: పాఠం చెప్పే మేడమ్ ఏ కంపెనీ అని మేనేజరు అడిగారు. ఎండుచేపల కంపెనీ అన్నాను. ఆయన అలాగే రాసుకున్నారు.