కదిలే ఇంటికి తూర్పు గుమ్మం

ఫిబ్రవరి 2, నరసరావుపేట

నా పెళ్లయిన మూడో నెలలో మా బావ ఈశ్వరయ్య ఒక మాట ఇచ్చాడు. "ఆదివారం మీ ఇద్దర్నీ కార్లో ఎత్తిపోతల తీసుకుపోతా. రాత్రికి ఆడనే ఉందాం, నీళ్ల హోరు వింటా పడుకోవచ్చు" అన్నాడు. నేనూ, ఆయన చెల్లెలైన నా భార్య నాగరత్నమ్మా పులిహోర మూటతో మధ్యాహ్నం దాకా అరుగు మీద కూర్చున్నాం. కారు రాలేదు. ఆదివారం పడమటికి వారశూల అని ఆయనకు ఆ పొద్దున గుర్తొచ్చిందట. మర్నాడు అదే కార్లో తోటి వ్యాపారులను ఎక్కించుకుని వెళ్లొచ్చాడు. నలభై ఆరేళ్లయింది. నాగరత్నం ఇప్పటికీ ఎత్తిపోతల చూడలేదు. మాచర్ల దాటితే వచ్చే నీళ్లు!

కాలేజీ లైబ్రరీలో ముప్పై ఏళ్లు ఊరివాళ్ల యాత్రలన్నీ చదివాను. ఇక చాలు. కారవాన్ చేయిస్తాను. ఈ నెలాఖరులోగా నాగరత్నంతో ఎత్తిపోతల దగ్గర ఒక్క రాత్రి నిద్ర. షరతు ఒకటే: ఈశ్వరయ్యను ఏదీ అడగకూడదు.

"మీ అన్నయ్యకు చెప్పకు" అన్నాను.

"నేనెందుకు చెప్తా? మీరే చెప్తారు" అంది.

ఫిబ్రవరి 4

బెంగళూరు, పూనా కంపెనీల బొమ్మలు ఫోనులో చూశాను. అందరూ తెల్లబట్టలు వేసుకుని కాఫీ తాగుతున్నారు. ఒక్కడి మొహం మీదా దుమ్ము లేదు. లోపల గోడంత టీవీ. టీవీ చూడటానికి అడవికి ఎందుకు, వెధవల్లారా!

పిడుగురాళ్లలో సున్నం లారీలకు బాడీలు కట్టే త్రికోటేశ్వరరావు దగ్గర మూలపడ్డ స్కూలు వ్యాను ఒకటుంది. దాన్ని ఇల్లుగా మారుస్తానన్నాడు.

"రెండు మంచాలు, పొయ్యి గట్టు, నీళ్ల ట్యాంకు. ఇంకేం కావాల మాస్టారూ?"

"కిటికీలు."

"కిటికీలెందుకు? దుమ్ము వచ్చిద్ది."

నిర్ణయం అయిపోయింది. మన ఊళ్లో చేసిన బండి, మన దుమ్ముకు తెలిసిన బండి!

ఫిబ్రవరి 9

పని మొదలు. రేకు చూసి భయపడ్డాను. "సున్నపురాయి గుమ్మరించినా సొట్టపడదు" అన్నాడు గర్వంగా.

"పడుకునేది మేమయ్యా, రాయి కాదు."

"ఎవరు పడుకుంటే ఏంది మాస్టారూ, బాడీ బాడీనే."

పక్కింటి హసీనా కిటికీలకు తెరలు కుడతానంది. టైలరు, మంచి పనిమంతురాలు. తనకూ ఎత్తిపోతల చూడాలని ఉందట. రెండే మంచాలమ్మా అని చెప్పేశాను.

ఫిబ్రవరి 13

ఈశ్వరయ్యకు తెలిసిపోయింది. ఆయన మిర్చి కొట్టు ముందు నుంచి వస్తున్నాను, ఆయన గుమాస్తాను తిడుతూ నిలబడి ఉన్నాడు. చూసి పలకరించకపోతే బాగోదని, "కదిలే ఇల్లు కట్టిస్తున్నా బావా" అన్నాను. అంతే.

కళ్లజోడు పైకి తోశాడు. "ఇల్లా? గుమ్మం ఎటు?"

"ఎడమ పక్క. ఏ వ్యానుకైనా అంతే."

"మీ వీధిలో ఉత్తరం మొహంగా గదా నిలబెట్టేది? ఎడమంటే పడమర. నా చెల్లెలి పేరుకు పడమర గుమ్మం అచ్చిరాదు."

"అది కదిలిద్ది బావా!"

"కదిలినా ఇల్లు ఇల్లేగా."

ఈయన జన్మలో చదివిన ఒకే ఒక్క పుస్తకం పంచాంగం. అదీ కొట్లో ఉచితంగా ఇచ్చింది. నేను తర్కశాస్త్రం చదివాను. పట్టించుకోలేదు.

సాయంత్రం: నాగరత్నం అన్నం వడ్డిస్తూ, "తూర్పుకు పెట్టిస్తే మీ సొమ్మేం పోయిద్ది?" అంది.

ఫిబ్రవరి 16

గుమ్మం కుడి పక్కకు మార్పించాను. గాలి కోసం. దీనికీ ఈశ్వరయ్యకూ సంబంధం లేదు.

ఇప్పుడు రోడ్డు పక్కన ఆపితే గుమ్మంలోంచి నేరుగా లారీల కిందికి దిగాలి.

ఫిబ్రవరి 20

బండి వచ్చింది! పసుపురంగులో, సున్నం లారీ కడుపున పుట్టిన పిల్లలా ఉంది. నాలుగు కిటికీలు అడిగితే రెండు పెట్టాడు. అయినా నాది.

పొద్దున్నే ఈశ్వరయ్య పురోహితుణ్ణి వెంటబెట్టుకుని దిగాడు. వ్యానులో గృహప్రవేశం! పాలు పొంగించారు. సగం పరుపు మీద పొంగాయి. బంధువులు వరసలో ఎక్కి, దిగి, మా ఇంట్లో టిఫిన్లు తిని, "మరుగుదొడ్డి ఏదీ?" అన్నారు. నాకూ అప్పుడే అనుమానం వచ్చింది. నేను చెప్పాను కదా, పెట్టమని?

"ఈశాన్యంలో పెట్టబోయాడు" అన్నాడు ఈశ్వరయ్య. "నేనే ఫోన్ చేసి ఆపించా."

నాగరత్నం మాత్రం కొత్త మంచం మీద కూర్చుని తెర తీసి, వేసి, మళ్లీ తీసి చూసుకుంది. ఇంకేం కావాలి!

ఫిబ్రవరి 25

బయలుదేరాం. నేనే నడిపాను. కారంపూడి దాటాక కల్లాల నిండా మిరపకాయలు. "ఏవండీ, నేల మీద ఎర్రచీరలు ఆరేసినట్టు ఎంత బాగుండయ్యో!" అంది. పెళ్లయిన కొత్తలో ఆమె ఇలా మాట్లాడేది. గేరు మార్చాను.

ఎత్తిపోతల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. హోరు వినబడుతోంది. ఒకే ఒక్క చోటు ఖాళీ. బండి తూర్పు మొహంగా పెట్టాల్సి వచ్చింది. నాగరత్నం దిగి, ఎండ కేసి చూసింది.

"గుమ్మం దక్షిణానికి వచ్చింది. నేను పడుకోను."

"ఇందాకటి దాకా ఇందులోనే కూర్చున్నావు!"

"కూర్చుంటే బండి. పడుకుంటే ఇల్లు."

తర్కశాస్త్రంలో దీనికి జవాబు లేదు. బండి ఉత్తరానికి తిప్పాను. గుమ్మం తూర్పుకే వచ్చింది కానీ తెరుచుకోలేదు, ఎదురుగా గోడ. ముందుకు పోనిస్తే సర్కారు తుమ్మ. ఫోన్లు ఎత్తి పట్టుకున్న కుర్రకుంకలు నలుగురు చేరారు. "తాతా, రివర్స్! ఇంకొంచెం! రా, రా, రా..." తగిలాక "ఆగు!" అన్నారు. వెనక లైటు పోయింది. తమ అరచేతి ఫోను కంటే పెద్ద పుస్తకం ఎరగని జాతి.

పొద్దు వాలింది. కాపలా మనిషి వచ్చి, "ఉంటారా పోతారా పెద్దాయనా? చీకట్లో ఇట్టా బండి తిప్పటం కుదరదు" అన్నాడు.

వచ్చేశాం. తిప్పడంలోనే పొద్దంతా పోయింది. జలపాతం విన్నాం. చూడలేదు.

మార్చి 3

ఎండలు ముదిరాయి. నా మోకాలు. లైటు బాగు చేయించాలి. మనిషి అన్నాక మంచి వాతావరణం చూసుకోవాలి.

దిక్సూచి కొన్నాను. శాస్త్రీయ పరికరం. నాకోసం.

మార్చి 10

కోల్డ్ స్టోరేజీ ముందు లారీలు బారులు తీరాయట. ఈశ్వరయ్య వచ్చాడు.

"ఊరికే నిలబడిందిగా బావా బండి. రెండ్రోజులు నా మిర్చి టిక్కీలు పెట్టుకుంటా."

కుదరదన్నాను. గట్టిగా. ఆయన నాతో వాదించలేదు, లోపలికి పోయి చెల్లెల్ని తాళం అడిగాడు. సాయంత్రానికి పైకప్పు దాకా టిక్కీలే, నిండు బస్తాలు. రేకు సొట్టపడలేదు. త్రికోటేశ్వరరావు అబద్ధమాడడు.

మార్చి 21

బస్తాలు అలాగే ఉన్నాయి. బండి పక్కగా పోతే వీధి కుక్క కూడా తుమ్ముతోంది. యాత్రలు అసలు ఎందుకు? గొప్ప గొప్ప తత్వవేత్తలు ఊరు దాటలేదు.

మార్చి 24

మధ్యాహ్నం లేచేసరికి ఇంట్లో నాగరత్నం లేదు. హసీనా ఇంటికి తాళం. పొయ్యి మీద నాకు అన్నం మూత పెట్టి ఉంది. చీకటి పడుతుండగా ఇద్దరూ ఆటో దిగారు. నాగరత్నం చీర కుచ్చెళ్లు తడిసి, ఎండి, అట్టగట్టి ఉన్నాయి.

"ఎక్కడికి పోయావే?"

"ఎత్తిపోతల. మాచర్ల బస్సుంది, అక్కణ్నించి ఆటో."

"బస్సు గుమ్మం ఎటుందో చూసుకున్నావా?" నా గొంతు నాకే వికారంగా వినిపించింది.

"దానికెవరు పాలు పొంగించారు? అది బస్సు."

హసీనా నవ్వు ఆపుకోలేక, "బాబాయ్, పిన్నమ్మ పిట్టగోడ పట్టుకుని అట్టనే నిలబడిపోయింది. చీర తడుస్తున్నా కదల్లా. చానాసేపు" అంది.

నలభై ఆరేళ్లు. ఆమె నీళ్లను మొదటిసారి చూసినప్పుడు నేను పక్కన లేను. ఇంట్లో పడుకుని గురకపెడుతున్నాను.

అన్నం తినలేదు. నాగరత్నం వచ్చి నా పక్కన కూర్చుంది. "పగలు చూశా. రాత్రి ఉండలా. అది మీతోనే" అంది.

తరవాత తిన్నాను.

మార్చి 26

మళ్లీ మొదలు! పొద్దున్నే హమాలీలను పిలిచి టిక్కీలు దింపించి, ఈశ్వరయ్య కొట్టు ముందు పడేయించాను. బండి కడిగాను. ఎన్నిసార్లు తుమ్మానో దేవుడికి తెలుసు. వచ్చే వారమే ప్రయాణం. వెన్నెల ఉంటుంది.

గుమ్మం గొడవ నాగరత్నమే తేల్చింది. "మంచాలు బయట వేసుకుందాం. ఆరుబయట గుమ్మమే ఉండదుగా." ఇంత తెలివిగల మనిషిని వాళ్లింట్లో ఎలా కన్నారో!

ఈసారి ఎవరికీ చెప్పలేదు. బస్తాలు దింపిస్తున్నప్పుడు ఆయన అరుస్తుంటే, కడుపు మండి, ఆరుబయట పడుకుంటాం పో అన్నాను. అది చెప్పడం కిందికి రాదు.

సాయంత్రం ఫోను చేశాడు.

"బావా, ఆరుబయట సరే. తల ఎటు పెడతారు?"

ఫోను పెట్టేశాను. వంటింట్లోంచి నాగరత్నం చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "ఏమంటున్నాడు అన్నయ్య? తల ఎటు పెట్టమన్నాడు?" అంది.

తూర్పుకు పెడదాం అన్నాను. అప్పుడు జలపాతం మన కాళ్ల వైపు వచ్చిద్దిగా, గంగమ్మకు కాళ్లు చాపుతామా అంది. దిక్సూచి తీసి బల్ల మీద కాగితం పరిచి గీస్తున్నాను. ఇంతవరకూ కుదరలేదు. అయినా వెళ్తాం. వచ్చే వారం తప్పదు. ఒకవేళ తప్పితే, దానికి నేనూ కాదు, నాగరత్నమూ కాదు, ఎండా కాదు, మోకాలూ కాదు. ఈ భూమ్మీద కారకుడు ఒక్కడే: మిర్చి వ్యాపారి కొత్తమాసు ఈశ్వరయ్య.