గేటు అవతల ఆగినవాడు

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. సంవత్సరీకం నాడు పరుగు పందెమేమిటని నాన్న కేకలేశారు. మద్రాసులో మారథాన్ పరిగెత్తి వచ్చి పట్టుమని పదిహేను రోజులు కాలేదు, పిక్కలింకా రాళ్ళలా బిగిసే ఉన్నాయి. అక్క మాత్రం, "నీకు పరుగు నేర్పిందే మీ బావ. వెళ్ళు, భోజనాల వేళకి వచ్చెయ్," అని గొణిగింది.

చిలకలపూడి నుంచి కోనేరు సెంటరు దాకా చిన్న పరుగే. కానీ గుడివాడ నుంచి వచ్చినతను మొదటి నుంచీ నాకంటే ముందే ఉన్నాడు. రైలు గేటు దిగుతుండగా దాని కింద నుంచి అతను దూరిపోయాడు. నా ముందు గేటు పడింది. గూడ్సు బండి నత్తలా కదులుతోంది. ఆగితే కాళ్ళు పట్టేస్తాయని అక్కడే గెంతుతున్నాను. ఈలోగా మిగతావాళ్ళూ వచ్చి చేరారు. నా కుడి పిక్క లాగడం మొదలైంది. ఇక పందెం పోయిందనుకున్నాను.

చివరి పెట్టె దాటాక చూస్తే, అతను అవతల నిలబడి ఉన్నాడు.

"వెళ్ళలేదేమండీ?" అన్నాను.

"రైలు గెలిపిస్తే అది నా గెలుపెలా అవుతుందండీ? రండి," అన్నాడు.

అక్కణ్ణించి అందరినీ వదిలేసి ఇద్దరమే ప్రాణం పెట్టి పరిగెత్తాం. ఒక్క అడుగు తేడాతో అతనే గెలిచాడు.

అతన్ని భోజనానికి ఇంటికి తీసుకొచ్చాను. జరిగింది విని అక్కే దగ్గరుండి వడ్డించింది. ఏడాదిగా గొణుగుడు తప్ప మాట లేని మనిషి, "ఇంకాస్త పప్పు వేసుకో నాయనా," అంటుంటే వీధరుగు మీదున్న నాన్నకి కూడా వినబడింది.