ముక్కుకు కట్టిన కండువా

రాళ్లగుట్టపల్లె,
శుక్రవారం

చిరంజీవి ఓబుళేశుకు వదిన తిరుపతమ్మ దీవెనలు.

రాయచోటి పార్టీ ఆఫీసుకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా "మీటింగులో ఉండా వదినా" అంటావు. ఉత్తరమైతే మీటింగులోనైనా చదువుకోవచ్చని, పదో తరగతి పరీక్ష తర్వాత ఇన్నేళ్లకు మళ్లీ కలం పట్టాను.

గుట్ట మీద కంకర మిషన్ పెట్టినప్పటి నుంచి ఊరంతా దుమ్ము. శనివారం స్వామికి చేసిన పాయసం మీద మూత తీసేలోపే విభూతి రాలినట్టు పొడి పడుతోంది. దాన్ని స్వామి చూసుకుంటాడు. మీ అన్న దగ్గు మాత్రం నేను చూడలేకున్నాను. ఉగాది నుంచి కూర్చున్నా దగ్గే, లేచినా దగ్గే. డాక్టరు దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు. రెండు పూటలా నీళ్లు చల్లమని మిషన్ వాళ్లను అడగమంటే, మీ అన్న "మిషను మన మండల అధ్యక్షునిది. అంటే దుమ్ము కూడా మన పార్టీదే. ఓర్చుకోవల్ల" అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ మనిషి ఇంకో గుర్తు వైపు చూసింది లేదు.

నేను చూస్తాను. వచ్చే పంచాయతీ ఎన్నికల్లో దుమ్ము ఆపినవాళ్లకే నా ఓటు. స్వామి ముందు అనుకున్నాను, ఇక తప్పేది లేదు.

ఇట్లు,
తిరుపతమ్మ

తా.క.: ఆఫీసులో పార్టీ కండువాలు ఉంటే ఓ పది పంపు. ఇక్కడ ఆడవాళ్లు అడుగుతున్నారు.

*

రాయచోటి,
మంగళవారం

వదినమ్మకు ఓబుళేశు నమస్కారాలు.

ఉత్తరం అందింది. తీరిక లేక తాజా కలంతో మొదలుపెట్టి అక్కడే ఆపాను. అయినా విషయం అర్థమైంది. పది మంది మహిళలు మన పార్టీలో చేరుతున్నారని చెబితే మా అధ్యక్షుడు "శానా సంతోషమప్పా! పదేంది, యాభై పంపు" అన్నాడు. యాభై మంది చేరినట్టే జిల్లా ఆఫీసుకు కూడా రాసేశాము.

నేను పర్యావరణ దినోత్సవం పనుల్లో ఉన్నాను. మన పార్టీకి చెట్లంటే ప్రాణం. ఈ ఏడు కూడా ఆఫీసు ముందు మొక్క నాటుతున్నాం.

ఇట్లు,
ఓబుళేశు

తా.క.: గుంత మాత్రం పాతదే. ఐదేళ్లుగా ఆ ఒక్క గుంతలోనే నాటుతున్నాం. ఎవరితోనూ అనొద్దు.

*

రాళ్లగుట్టపల్లె,
సోమవారం

చిరంజీవి ఓబుళేశుకు దీవెనలు.

యాభై కండువాలూ అందాయి. గుడ్డ పలుచన. పక్కింటి నాగక్క రెండు మడతలు వేసి ముక్కుకు కట్టుకుంది. ఆమెను చూసి అందరూ అలాగే కట్టుకున్నారు. ఒకటి స్వామి నైవేద్యం మీద కప్పాను.

మరునాడే అవతలి పార్టీ భూపేష్ వచ్చాడు. "ఏమక్కా, ముఖాలు గూడా వాళ్లకే రాసిచ్చినారా?" అని బాధపడి, సాయంత్రానికి నూట ఇరవై కండువాలు దించాడు. అవి మందంగా ఉన్నాయి. అబద్ధమాడలేను, గుడ్డ విషయంలో వాళ్లే మేలు.

మీ అన్నకు వాళ్లదే కట్టాను. తెల్లవారకముందే వెనక నుంచి ముడి వేస్తాను. గంటలో దుమ్ము పట్టి ఏ పార్టీదైనా బూడిద రంగే కాబట్టి ఆయనకు తెలియలేదు. తొమ్మిది రోజులైంది. దగ్గు సగం తగ్గింది.

ఇట్లు,
తిరుపతమ్మ

తా.క.: ఆయనకు చెప్పొద్దు. దగ్గుతో పోని మనిషి ఆ మాటతో పోతాడు.

*

రాయచోటి,
గురువారం

వదినా, ఎంత పని చేస్తివి!

అప్పుడే ఉతికిన అవతలి పార్టీ కండువాతో అన్న బర్రెను తోలుకుపోతున్న ఫోటోను భూపేష్ వాట్సాప్‌లో పెట్టాడు. కింద "ముప్పై ఏళ్ల కార్యకర్త మా గూటికి" అని రాశాడు. మా అధ్యక్షుడు అది చూసి "మీ అన్న తిమ్మన్ననే పోతే ఆ ఊర్లో ఇంక మనకెవరుండారప్పా?" అని కుర్చీలో కూలబడ్డాడు.

నీకు మహిళా విభాగం పదవి ఇస్తారట. వద్దంటే పర్యావరణ విభాగం. అది ఇంతవరకు లేదు, నీకోసమే పెడతారు. ఏం కావాలో చెప్పు. అన్నను మాత్రం పోనీయొద్దు.

ఇట్లు,
ఓబుళేశు

తా.క.: నీ మొదటి ఉత్తరం ఇప్పుడే పై నుంచి చదివాను. నీళ్లేనా వదినా? ముందే చెప్పకూడదా?

*

రాళ్లగుట్టపల్లె,
శనివారం

చిరంజీవి ఓబుళేశుకు దీవెనలు.

నీళ్లే నాయనా. నీ ఉత్తరం వచ్చిన మరునాటి నుంచి మీ అధ్యక్షుని ట్యాంకరు పొద్దున మిషన్ దగ్గర చల్లుతోంది. అది చూసి భూపేష్ సాయంత్రం దారి పొడవునా చల్లిస్తున్నాడు. పదవి నాకు వద్దు. ఒకరి ట్యాంకరు రాకపోతే, మరునాడు ఆడవాళ్లమంతా రెండోవాళ్ల రంగు కట్టుకుంటున్నాము. ఆ మరునాటికి ట్యాంకరు వస్తుంది. ఈ నెలలో నాలుగుసార్లు పార్టీ మారాము. ఎవరినీ ఒక్క మాట అనలేదు.

దుమ్ము అణిగాక రంగు దాగదు కదా. మొన్న మీ అన్న ముందు తల వంచుకొని నిజం చెప్పేశాను.

"రెండో దినమే తెలుసు నాకు. నువ్వు గుడికి పోయినప్పుడు దాన్ని ఉతికి ఆరేసేది ఎవరనుకుంటివి?" అన్నాడు.

"మరి ఎందుకు తీసేయలేదు?"

"ఊపిరాడుతాండె. ముప్పై ఏండ్లు మెడకు మనదే కట్టుకుంటి. ముక్కుకు ఏదైతే ఏమి?" అని కండువా దులుపుకొని, "ఆ ఫోటో గూడా ఊరికే తీయలేదులే. బర్రెను నిలబెట్టి, రంగు బాగా కనపడేట్ట తీయి భూపేషూ అని నేనే చెప్తి. అది చూస్తేగాని మన అధ్యక్షుడు నీళ్లు చల్లడు" అన్నాడు.

"ఇంతకూ ఓటు ఎవరికి?" అని అడిగాను. నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. దగ్గు రాలేదు.

ఇట్లు,
తిరుపతమ్మ

తా.క.: ఈ కాగితాలు పారేయొద్దు, ఎవరికీ చూపొద్దు. ఆఫీసులో చోటు లేకపోతే డబ్బాలో పెట్టి ఆ మొక్క గుంతలో దాచు. వచ్చే జూన్ దాకా దాని జోలికి ఎవరూ రారు.