చిన్న కెమెరాయే పంపు

పటమట,
ఆగస్టు 2008.

తమ్ముడూ కృపానందం,

చల్లపల్లిలో మీరంతా ప్రభువు కాపుదలలో ఉన్నారని తలుస్తాను. నిన్న ఫోనులో సరిగ్గా జవాబు చెప్పలేదని ఏమీ అనుకోకు. పాప హెలెన్ పక్కనే పడుకుని వింటోంది. అందుకే రాస్తున్నాను.

పాపకి ఫొటోలు తీయడానికి జేబులో పట్టే కెమెరా పంపనా, మీ స్టూడియోలో వాడిన పాత పెద్ద కెమెరా, ఆ డీఎస్ఎల్ఆర్ పంపనా అని అడిగావు. పెద్దదాంట్లో మొహం బాగా వస్తుందన్నావు. నిజమే. కానీ మొన్న ఎదురింటి రాహేలమ్మగారు పోయినప్పుడు, పెట్టె మూత తీసి, చుట్టూ ఇంటివాళ్ళని నిలబెట్టి, అలాంటి కెమెరాతోనే ఫొటోలు తీశారు. పాప కిటికీలోంచి అంతా చూసింది.

"అమ్మా, అది పోయినవాళ్ళకి తీసే కెమెరానా?" అంది.

"కాదే, పెళ్ళిళ్ళకీ తీస్తారు" అన్నాను.

"నాకు మాత్రం దాంతో తీయించకే" అని దుప్పటి కప్పేసుకుంది.

చిన్నదైతే తనే పట్టుకుంటుంది. జుట్టంతా ఊడాక అద్దం చూడటం మానేసింది. గోడ మీది పిల్లినో, నన్నో తీసుకోనీ. మసగ్గా వచ్చినా నాకు చాలు. డాక్టరుగారు ఇక ఆసుపత్రికి తీసుకురావద్దన్నారు. మీ బావకి ఆ మాట ఇంకా చెప్పలేదు. ఎవరైనా ఇటు వస్తుంటే వెంటనే ఇచ్చి పంపు.

పెద్ద కెమెరా మాత్రం అమ్మేయకు. నేను కబురు చేసిన రోజు నువ్వే తీసుకుని రా. అప్పుడు హెలెన్ దాన్ని చూసి భయపడదులే.

మీ అక్క