తేదీ వేయకపోవడం కల్తీ కాదు

ఏమండీ, నిద్రలో ఉన్నారని లేపలేదు. గోంగూర పప్పు మూతపెట్టాను, తినండి. నేను పేటలో మీ అన్నయ్యగారి కొట్టుకు వెళ్తున్నాను.

మన కారం ప్యాకెట్ల మీద తేదీ లేదని జాయింట్ కలెక్టరుగారు జరిమానా వేస్తే, "మావాడు కల్తీ కేసులో దొరికాడు, జైలు తప్పదు" అని మీ అన్నయ్యగారు బజారంతా చాటుతున్నారట! బావగారని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ప్రాణం తీసే రంగు కలిపితే నేరం, దానికి కోర్టు, జైలు. మనది నిబంధన తప్పడం. జరిమానా కట్టాం, అయిపోయింది. మీరేం నేరస్తులు కారు. లాయరుగారు ఇంత విడమరిచి చెప్పినా మీరు తలుపేసుకుని కూర్చుంటే జనం నిజమనుకోరూ? లేచి మిల్లు తెరవండి.

మల్లేశ్వరి

గడ్డం గీసుకోండి. మిమ్మల్నలా చూడలేకపోతున్నాను.