కూర్చుంటే కుదరని ధ్యానం

1 నవంబరు 1974, శుక్రవారం. మధ్యాహ్నం

సంత రోజు, డిస్పెన్సరీ నిండా జనం. కాంపౌండరు పోస్టు ఖాళీ కాబట్టి నర్సునైన నేనే మందులు కూడా పోస్తాను. ముత్యాలమ్మ మూడేళ్ల కూతురు కనకకి దగ్గుమందు పొయ్యాలి. నొప్పులకి రాసే లినిమెంట్ పోశాను. ఆయా అచ్చియమ్మకి వాసన తగిలి, గేటు దాకా పరుగెత్తి సీసా లాక్కొచ్చింది. పిల్ల తాగలేదు.

తాగలేదు. పదిసార్లు రాసినా భయం తగ్గదు.

పోసేటప్పుడు ఏం ఆలోచిస్తున్నాను? రైలు కూత, అమ్మ ఉత్తరం, స్టవ్ మీద సిరంజీలు, ఎవరో ఏడుపు. అన్నీ ఒకేసారి. చిన్నప్పుడు బళ్లో నన్ను కుదురు లేని గుంట అనేవారు. ఇప్పుడు ఇరవై ఆరేళ్లు.

2 నవంబరు

డాక్టర్ సత్యనారాయణ గారు తిట్టలేదు. ఇంకోసారి జరిగితే పైకి రిపోర్టు రాయక తప్పదన్నారు. ఆయన పదకొండేళ్లుగా ధ్యానం చేస్తున్నారట. కళ్లు మూసుకుని అరగంట శ్వాసను గమనిస్తే నలభై రోజుల్లో మనసు నిలుస్తుందన్నారు.

3 నవంబరు. ఉదయం 5.30

కూర్చున్నాను. మూడు శ్వాసలు. నాలుగోదానికి స్టవ్ ఆర్పానా అని అనుమానం. లేచి చూశాను. ఆర్పే ఉంది. మళ్లీ కూర్చున్నాను. మోకాలి దగ్గర దురద. గుండె దడ.

6 నవంబరు

నాలుగు నిమిషాలు.

9 నవంబరు

ధ్యానం ఎలా సాగుతోందని డాక్టరుగారు అడిగారు. బాగా సాగుతోందండీ అన్నాను. అబద్ధం.

12 నవంబరు

స్టోర్ రూంలో ఏడుస్తుంటే అచ్చియమ్మ చూసింది. అంతా చెప్పేశాను. ఆవిడ దూది చుడుతూనే విన్నది.

"కూకుంటే నీకు గాబరా ఇంకా ఎక్కువైపోతంది గదా నర్సమ్మా. మరెందుకు కూకుంటన్నావు?"

ఈ మాట నన్నెవరూ అడగలేదు. నీ మనసు కుదురుగా ఉండేది ఎప్పుడని కూడా అడిగింది. టీకాలకి కొండ మీది ఊళ్లకి వెళ్లేటప్పుడు. సన్నని దారి, జారితే లోయ. అప్పుడు నా బుర్ర మొత్తం పాదంలో ఉంటుంది.

"అయితే నడు," అంది. అంతే. దూది బుట్ట తీసుకుని వెళ్లిపోయింది.

14 నవంబరు

చెప్పులు విప్పి డిస్పెన్సరీ ఆవరణ చుట్టూ నడిచాను. ముందు మడమ, తర్వాత వేళ్లు. గడ్డి మీద మంచు, పాదాలు కొంకర్లు పోయాయి. మనసు ఇరవైసార్లు పారిపోయి ఉంటుంది. రాయి తగిలితే తిరిగొచ్చేది. పదకొండు చుట్లు. వాచీ చూడలేదు.

మందుల బల్ల దగ్గర కూడా ఇదే. పాదాలు రెండూ నేలకి నొక్కి, లేబుల్ మీద వేలు పెట్టి, మందు పేరు పైకి చదువుతున్నాను. జనం నవ్వుతున్నారు. నవ్వనీ.

17 నవంబరు

ఇది ధ్యానమేనా? డాక్టరుగారికి చెప్పలేదు. తప్పు చేస్తున్నట్టే ఉంది.

22 నవంబరు, శుక్రవారం

అరవై రెండు మంది. ప్రతి సీసా పేరూ పైకి చదివాను. గొంతు పోయింది. ఒక్క తప్పూ జరగలేదు.

కనకని తీసుకుని ముత్యాలమ్మ వచ్చింది. నేను పోసిన సీసా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నా ముఖం మాడిపోయింది.

"మరేటనుకోకు నర్సమ్మా," అంది. "నాకున్నది ఈ గుంటొక్కతే."

చూడమన్నాను. ప్రతిసారీ చూసుకోమన్నాను.

23 నవంబరు

డాక్టరుగారితో నిజం చెప్పేశాను. కూర్చోవడం నా వల్ల కాలేదని, నడుస్తున్నానని, అబద్ధమాడానని. కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ధ్యానంలో తనకి వారంలో నాలుగు రోజులు కునుకు పట్టేస్తుందన్నారు. ఎన్ని చుట్లు నడుస్తున్నావని అడిగారు.

రిపోర్టు గురించి ఏమీ అనలేదు. అబద్ధమాడినందుకు రాస్తారో రాయరో తెలియదు.

27 నవంబరు. ఉదయం 6

పొగమంచు. ఆవరణ చుట్టూ తడి మట్టిలో అప్పటికే ఒట్టి పాదాల గుర్తులు. పెద్దవి. డాక్టరుగారివే అయి ఉంటాయి. వాటిని తొక్కకుండా పక్కనే నడిచాను. మళ్లీ తప్పు మందు పోస్తానేమోనని ఎనిమిది చుట్ల దాకా భయం వెయ్యలేదు. తొమ్మిదో చుట్టులో వేసింది. నడిచాను.